లేస్తున్నానండీ

నలభయ్యేళ్ళు పడవలు కట్టానండీ తాళ్ళరేవులో.
ఒరిగిపోయే వస్తువు చేసిపెట్టమని
ఎవరూ అడగలేదు.
ఈ పిల్ల అడిగింది.

పేరు కెజియా. ముమ్మిడివరం అవతల ఏదో లంక.
బెజవాడలో కుర్చీల చదువంట.
"కూచోడానికి చదువేంటమ్మా,
పుట్టుకతో వచ్చిన పీట ఉందిగా అందరికీ" అన్నాను.
నవ్వలేదు. పుస్తకం తీసింది.

కోటిపల్లి రేవులో పదకొండు రోజులు
పంటు కోసం చూసే జనాన్ని గీసుకొచ్చింది:
బోర్లించిన గంప మీద ఒక తొడే ఆన్చిన చేపలామె,
మోటారుసైకిలు మీద వెనక్కి తిరిగి కూచున్న కాంపౌండరు,
గొంతుక్కూచుని అరచేతిలో బీడీ దాచుకున్న ముసలాడు,
అరటిగెలల పక్కన తానూ ఓ గెలై ఒరిగిన కుర్రాడు.
"సిమెంటు బల్ల లేదా అక్కడ?"
"ఉంది తాతా. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు.
మధ్యలో సంచులు కూచుంటాయి."

షెడ్డు వెనక ఓ నావ తాలూకు వంకులు రెండు
ఏళ్ళ తరబడి పడున్నాయి.
ఉప్పు తాగి నల్లబడ్డ మద్దికర్ర.
గేదె దూడని నిమిరినట్టు నిమిరి
వీటి మీద పొడుగ్గా ఓ చెక్క పరవమంది.
"ఊగుతుందమ్మా."
"ఊగాలనే తాతా."
ఒక్కరే కూచుంటే ఆ కొస నేలకి ఆనుతుంది.
ఇద్దరైతే తేలుతుంది.
చెప్పకుండా ఒకరు లేచారో, రెండోవారు దిగబడతారు.
"పడతారే పిల్లా!"
"జానెడే. పరువు పోయేంత, నడుం విరగనంత."

కొసల కింద పాత టైరు ముక్కలు కొట్టాం.
చిత్రిక నేను పట్టాను, రంగు తను వేసింది,
నావ మూతికేసే ఎరుపు.
రెండు కళ్ళు కూడా గీసింది, ఒకటి కాస్త పెద్దదైపోయింది.
వాళ్ళ మాస్టారు ఫోనులో అడిగారు,
దీని అవసరం ఏమిటని.
"పంటు ఆలస్యం సార్" అంది.
ఆయ్, అలాగే అంది.

రేవులో దింపిన రోజు పిల్లలదే రాజ్యం.
మర్నాడు టిక్కెట్ల అబ్బాయి కర్ర పట్టాడు.
మూడోనాడు జల్లు.
పాక కింద మిగిలిన చోటు అదొక్కటే.
సత్యవేణి వచ్చి కూచుంది, నేలకి ఆనింది.
వెనకాలే మంగాయమ్మ.
తోటికోడళ్ళు. ఓ పొత్రం పంపకం దగ్గర
ఆరేళ్ళ కిందట మాటలు ఆగిపోయినవాళ్ళు.
తడుస్తూ నిలబడి నిలబడి
చివరికి రెండో కొసన కూలబడింది.
బల్ల తేలింది.

ఇద్దరూ గోదారినే చూస్తున్నారు.
ఒకరు దగ్గితే ఇంకొకరు కదులుతున్నారు.
సర్దుకుంటే సర్దుకుంటున్నారు.
ఎర్ర కళ్ళు రెండూ వానలోకి చూస్తున్నాయి.

పంటు వచ్చింది. హారను కొట్టింది.
లేవరే!
జనం ఎక్కేస్తున్నారు, సైకిళ్ళు ఎక్కేస్తున్నాయి.
రెండో హారనుకి
ఏటితో చెప్పినట్టు చెప్పింది సత్యవేణి:
"లేస్తున్నానండీ."
ఒకప్పుడు అక్కా అని పిలిచిన మనిషిని.
"ఊఁ" అంది మంగాయమ్మ,
కాళ్ళు తన్నిపెట్టి చెక్క గట్టిగా పట్టుకుని.

అంతే. పంటులో
ఈ కొసనొకరు, ఆ కొసనొకరు నించున్నారు.
కెజియా నావైపు చూసింది.
పుస్తకంలో మాత్రం ఏమీ రాయలేదు.

బెజవాడకి వ్యాను వచ్చిన సాయంత్రం
ఇద్దరం కూచున్నాం దానిమీద.
ఎన్ని మార్కులొస్తాయమ్మా అంటే
కుంటిది అంటారేమో తాతా, అంది.
డ్రైవరు కేకేశాడు.
"లేస్తున్నా తాతా."
పట్టుకోడానికి చెక్క మీద చెయ్యి వేశాను గానీ
ఎందుకో పట్టుకోలేదు.
జానెడు కిందికి దిగాను.

పడవ ఒరగకూడదనే బతికినవాణ్ణి.
అలా ఒరిగి చూస్తే
గౌతమి ఒకవైపు ఎత్తుగా ఉందండీ,
గిన్నె వంచి ఎవరో
నాకు పొయ్యబోతున్నట్టు.